మీకు తెలుసా? లీటరైనా లేని ఆయిల్, మూడు పనులు

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి ఆయిల్ మార్చినప్పుడు పట్టేది లీటరులోపే. గేర్ల కారులో ఇంజన్‌కు ఒక ఆయిల్, గేరుబాక్సుకు మరొకటి. బండిలో ఆ విభజన లేదు. పిస్టన్ అరగకుండా కాపాడేదీ, గేర్లను తడిపేదీ, క్లచ్ ప్లేట్లను ముంచి ఉంచేదీ ఆ కొద్దిపాటి ఆయిలే!

అందుకే కారుకు కొన్నది మిగిలిందని బండిలో పోయకూడదు. చాలా కారు ఆయిళ్లలో రాపిడిని బాగా తగ్గించే రసాయనాలుంటాయి. ఇంజన్‌కు అవి మేలే, క్లచ్‌కు మాత్రం పట్టు కావాలి. ప్లేట్లు జారితే ఎంత రేజ్ చేసినా ఇంజన్ అరుస్తుందే గాని బండి లాగదు. ఈ తేడా కొనేవాళ్లకు తెలియాలనే జపాన్‌లో ‘జాసో’ ప్రమాణాలు పెట్టారు. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ ఉంటే గేర్ల బండికి పనికొస్తుంది. ‘ఎంబీ’ రకం యాక్టివా లాంటి స్కూటర్లకు. వాటి క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి జారుడు బెడద లేదు. గ్రేడ్ మాత్రం మాన్యువల్లో రాసినదే వాడాలి.

ఆయిల్ చూడటంలో ఎక్కువమంది పొరబడేది స్టాండ్ దగ్గరే. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకు ఒరుగుతుంది, ఆయిల్ కూడా అటే జరుగుతుంది. స్ప్లెండర్‌లో గేజ్ పుల్ల ఉన్నది కుడివైపు. అందుకే ఉన్న ఆయిల్ కూడా తక్కువగా కనిపిస్తుంది, కంగారుగా ఇంకాస్త పోసేస్తారు. ఎక్కువైన ఆయిల్‌ను తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి, అది ఎయిర్ ఫిల్టర్ దాకా పాకుతుంది. కాబట్టి చదునైన చోట డబుల్ స్టాండ్ వేసి, ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపండి. రెండు మూడు నిమిషాలాగి పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఈ రకం బళ్లలో పుల్లను మర తిప్పకుండా ఊరికే ఆనించాలి. తడి రెండు గీతల మధ్య ఉంటే చాలు.

ఆయిల్ నల్లబడిందంటే పాడైందనే కాదు. మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనుల్లో ఒకటి, రంగు కన్నా కిలోమీటర్ల లెక్కే నమ్మకం. పాలు ఎక్కువైన కాఫీలా తెల్లబడితే మాత్రం నీళ్లు కలిశాయని అర్థం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో ఎన్నో బళ్లు మునిగాయి. అలా మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా మెకానిక్ దగ్గరికి నెట్టుకుపోవడమే క్షేమం.

ఆయిల్ మార్చేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే మడ్డి కూడా దిగుతుంది. డ్రెయిన్ బోల్టును బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం మర పోతుంది. ఇంకో సంగతి: స్ప్లెండర్‌లో కాగితం ఫిల్టర్ ఉండదు. క్రాంక్‌తోపాటు తిరిగే ఒక గిన్నె, బరువైన మురికిని అంచులకు విసిరి అక్కడే అంటిస్తుంది. కుడివైపు కవర్ విప్పితేనే అది శుభ్రమయ్యేది. మాన్యువల్ చెప్పిన గడువులో ఆ పని మెకానిక్‌కు గుర్తు చేయాలి.

తీసిన ఆయిల్ చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం. కాలువలో ఒంపకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. శుద్ధి చేస్తే దాన్నుంచి మళ్లీ కొత్త ఆయిల్‌కు ముడిసరుకు వస్తుంది.