గడువున్న కొలువు, గడువు లేని లెక్క

బ్యాంకులు, బీమా సంస్థలు వాడే ప్రోగ్రాములలో చాలావాటిని కాంట్రాక్టు డెవలపర్లు, అంటే మధ్యవర్తి కంపెనీల ద్వారా నిర్ణీత గడువుకు పనిలో చేరినవారు రాస్తారు. వారికి జీతమిచ్చేది కన్సల్టెన్సీ, పని చెప్పేది బ్యాంకు. ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరికేదాకా గడిచే ఖాళీ కాలాన్ని ‘బెంచి’ అంటారు.

హైదరాబాదులోను సిడ్నీలోను తెలుగు ఐటీ ఉద్యోగులను పరిశీలించిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో, 2007లో వెలువడిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ గ్రంథంలో, కోస్తాంధ్ర వ్యవసాయపు మిగులు చదువులకూ కట్నాలకూ మళ్లి ఈ ఉద్యోగులను తయారుచేసిన తీరును వివరించాడు. ఏలూరులో 1989లో ప్రారంభమైన సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల, తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన ఎన్.ఐ.టి. ఆ చదువును కొల్లేరు సరస్సు చుట్టుపక్కల పల్లెలకు దగ్గర చేశాయి.

అయితే కళాశాలలో నేర్చిన ప్రోగ్రామింగు సొమ్ము లెక్కకు చాలదని కొత్త డెవలపర్‌కు మొదటి నెలల్లోనే అర్థమవుతుంది. కంప్యూటరు వాడే ద్విసంఖ్యామానంలో 0.1ని కచ్చితంగా రాయడం సాధ్యం కాదు కనుక సొమ్మును పైసల పూర్ణసంఖ్యలుగానో, ప్రత్యేక దశాంశ పద్ధతిలోనో భద్రపరుస్తారు; ఒక ఖాతాలో తగ్గిన మొత్తం మరో ఖాతాలో జమ కాకముందే వ్యవస్థ ఆగిపోతే, మొత్తం లావాదేవీ రద్దయి మొదటి స్థితికి రావాలి. నియమాలు కూడా మారుతుంటాయి. పూర్వం పొదుపు ఖాతాకు ప్రతి నెలా 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు కాబట్టి, 12వ తేదీన జమ చేసిన చేపల పట్టుబడి సొమ్ముకు ఆ నెల వడ్డీ దక్కేది కాదు. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ లెక్కించడం మొదలైంది. ఆ ఆదేశానికి తగినట్టు ప్రతి బ్యాంకు ప్రోగ్రామునూ ఎవరో ఒకరు తిరిగి రాయవలసి వచ్చింది.

కౌలు రైతుకు పట్టా ఉండదు గాని, ఏ మడిలో నీరు నిలుస్తుందో, ఏ గట్టు తెగుతుందో అతనికే తెలుస్తుంది. కాంట్రాక్టు డెవలపర్ జ్ఞానం అటువంటిదే. గడువు తీరి అతడు వెళ్లినా అతడు రాసిన లెక్క ప్రతి రాత్రీ లక్షల ఖాతాల మీద నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ప్రోగ్రాము వెనుకనున్న నియమాన్ని అడిగి తెలుసుకుని, రాసి అప్పగించడం అతని ధర్మం. అందుకు తగిన వ్యవధినీ, బెంచి కాలంలో జీతాన్నీ ఇవ్వడం అతని శ్రమతో నడిచే సంస్థల ధర్మం.