ఎండ లేని దినములకు జనరేటరు



ఊరికి దూరముగ తోటలలోను పొలములలోను ఇండ్లు కట్టుకొని, కరెంటు స్తంభములు అంతవఱకు రానందున సోలారు పలకలతోనే దీపములు వెలిగించుకొనుచున్న గృహస్థులు నేడు మనలో కలరు. అట్టి యిండ్లలో ఏడాదిలో చాల భాగము సూర్యభగవానుని దయకు లోటుండదు. మబ్బు పట్టిన కొలది దినములకై ఎట్టి జనరేటరు కొనవలెను, దానిని నమ్మదగినదిగ నెట్లు నిలుపుకొనవలెను అనునది నేటి ప్రసంగ విషయము. బడిలో పాఠములు చెప్పి విశ్రమించిన నేను యంత్రశాస్త్రమున పండితుడను కాను. ఈ విషయమున ఒకసారి దెబ్బతిని, పిమ్మట నేర్చుకొన్నవాడను మాత్రమే.

నాలుగేండ్ల క్రిందట ఆశ్వయుజ మాసమున వాయుగుండము పట్టి నాలుగు దినములు ఎడతెగని వాన కురిసెను. మా తోట యింటికిని ఊరికిని నడుమనున్న వాగు పొంగెను. రెండవనాటి సాయంకాలమునకు బ్యాటరీలు అడుగంటి, ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోయెను. మా గృహిణి మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనునది. ఆ మందు సీసాలు మూడు ఫ్రిజ్జులో నుండెను. జనరేటరు కలదు గదా యను ధైర్యముతో పాకలోనికి పోయి తాడు లాగితిని. నేను పది మార్లు లాగితిని. తోటకాపరి యిరువది మార్లు లాగెను. అది మూలుగనైన మూలుగలేదు. ఎనిమిది నెలల క్రిందట పోసిన పెట్రోలు టాంకులోనే పాతబడి, కార్బ్యురేటరులో జిగురు కట్టియుండెను. అది అయిదు కేవీఏల యంత్రము. సగము ధరకు వచ్చినదని సంబరపడి తెచ్చినది. సీసాలను కుండలో నుంచి, ఆ కుండను తడి యిసుకలో పెట్టి, రాత్రి యెల్ల మేలుకొని కూర్చుంటిమి. వాగు తీసిన పిదప వైద్యుని అడుగగా, మందు చెడినదో లేదో కంటికి తెలియదు గనుక పారవేయుడని చెప్పెను. పారవేసితిమి. జనరేటరు కలిగియుండుట వేఱు, అక్కఱకు తిరుగు జనరేటరు కలిగియుండుట వేఱు అని నాకు ఆనాడు తెలిసెను.

మొట్టమొదట దీని పని యేమియో నిర్ణయించుకొనవలెను. పలువురు అంగడికి పోయి, ఇంటిలోని దీపములు, పంకాలు, మోటార్లు అన్నిటిని లెక్కించి, అన్నిటిని ఒక్కమారుగ మోయగల యంత్రము నడుగుదురు. బ్యాటరీ గల సోలారు ఇంటికి ఈ లెక్క పొసగదు. ఇంటికి అన్నము పెట్టునది బ్యాటరీ. మబ్బు దినములలో బ్యాటరీకి అన్నము పెట్టునది జనరేటరు. అది పగటిపూట రెండు మూడు గంటలు తిరిగి బ్యాటరీని నింపి ఊరకుండవలెను. రాత్రి బ్యాటరీయే ఇంటిని నడపును. ఈ యొక్క మాట మనసున నాటుకొన్నచో తక్కిన లెక్క సులభము.

ఒక యింటిని ఉదాహరణముగ తీసికొందము. ఆ యింట తొమ్మిది వాట్ల దీపములు ఆరు, ముప్పది వాట్ల క్రొత్తరకము పంకాలు రెండు, చిన్న ఫ్రిజ్జు ఒకటి యున్నవనుకొనుడు. దీపములు 5 గంటలు, పంకాలు 10 గంటలు నడచిన యెడల, ఫ్రిజ్జుతో కలిపి దినమునకు ఇంచుమించు యూనిట్టున్నర ఖర్చగును. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు వరుసగ కలిపిన 24 వోల్టులగును. 24ను 150తో గుణింపగా 3,600 వాట్-గంటలు, అనగా 3.6 యూనిట్లు వచ్చును. కాని ఆమ్లము పోసిన సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసిన దాని ఆయుష్షు తఱుగును. కావున వాడుకొనదగినది 1.8 యూనిట్లే. ఒక కిలోవాటు పలకలు మంచి యెండలో దినమునకు సుమారు 4 యూనిట్ల నిచ్చును. దట్టమైన మబ్బులో ఒక యూనిట్టునకు లోపుగనే యిచ్చును. ఆ లోటును జనరేటరు పూరింపవలెను.

ఈ బ్యాటరీని దాని కొలతలో పదవ వంతు వేగమున, అనగా 15 ఆంపియర్లతో నింపుట క్షేమము. అందుకు 420 వాట్ల చొప్పున పోవును. ఛార్జరులోని నష్టములను కలిపి ఇంచుమించు 700 వోల్ట్-ఆంపియర్ల బరువు జనరేటరుపై పడును. నింపుచున్నప్పుడే ఫ్రిజ్జును నడిచిన, అది మొదలగు క్షణమున మామూలుకంటె అనేక రెట్లు కరెంటు లాగును. ఒక కేవీఏ యంత్రము అక్కడ తడబడును. రెండు కేవీఏలది సునాయాసముగ మోయును. మూడు గంటలు తిరిగిన నాటి లోటు తీఱును. పెట్రోలు ఉరమరగ రెండు లీటర్లు పట్టును. అయిదు కేవీఏల యంత్రమైనచో ఇదే పనికి ఎక్కువ చమురు త్రాగును. చీమ బరువునకు ఏనుగును కట్టుట యెందులకు?

అంగడివాడు చెప్పు అంకెలలో ఒక మెలిక కలదు. యంత్రముపై రెండు అంకెలు వ్రాసియుండును. మొదటిది గరిష్ఠ శక్తి. అది కొలది నిమిషములు మాత్రమే యియ్యగలది. రెండవది నిలుకడగ గంటల తరబడి యియ్యగలది. మనకు కావలసినది రెండవదే. నీళ్ల మోటారును కూడ నడపదలచిన యెడల లెక్క మాఱును. ఒక హార్స్‌పవరు మోటారు తిరుగునప్పుడు సుమారు ఒక కిలోవాటు తీసికొన్నను, మొదలగునప్పుడు అంతకు నాలుగైదు రెట్లు కోరవచ్చును. అందులకై పెద్ద యంత్రమును కొనుటకంటె, మబ్బు పట్టకముందే తొట్టి నిండుగ నీరు తోడి యుంచుకొనుట మేలు.

మఱొక చిక్కు. చౌక జనరేటరు నుండి వచ్చు కరెంటు వోల్టేజి ఎగుడుదిగుడుగ నుండినచో ఇన్వర్టరు దానిని అంగీకరింపక, బ్యాటరీని నింపకయే యుండును. యంత్రము పొలమంతయు మారుమ్రోగునట్లు తిరుగుచుండును, బ్యాటరీ మాత్రము ఆకలితో నుండును. కొన్ని ఇన్వర్టర్లకు వెనుకభాగమున చిన్న మీట యుండును. దానిని మామూలు స్థానమున నుంచిన, వోల్టేజి హెచ్చుతగ్గులను కొంత ఓర్చుకొనును. ఇన్వర్టరు జనరేటరు అను నామముతో వచ్చు యంత్రములు వెల యెక్కువైనను సమమైన కరెంటు నిచ్చును, చప్పుడు తక్కువ. ఏది కొన్నను, సొమ్ము చెల్లించుటకు ముందు మీ యింటి ఇన్వర్టరుకే తగిలించి, బ్యాటరీలోనికి కరెంటు పోవుచున్నదో లేదో కన్నులార చూడుడు. ఆ యంత్రమును ముందుగ వేడిచేసి చూపిన సమ్మతింపకుడు. చల్లగ నున్నప్పుడు ఇంటిలోనివారు తాడు లాగి నడపగలుగవలెను. మీట నొక్కిన మొదలగు యంత్రమునకు సయితము తాడు ఉండవలెను. దాని చిన్న బ్యాటరీ చచ్చిన నాడు తాడే దిక్కు.

పెట్రోలా, డీజిలా యని అడుగుదురు. దినమునకు రెండు మూడు గంటలు, ఏడాదిలో కొలది వారములు నడుచు చిన్న యింటికి పెట్రోలు యంత్రము చాలును. ఇంట ట్రాక్టరు కలిగి, డీజిలు ఎల్లప్పుడు నిలువ యుండి, మోటారును కూడ నడపవలసినవారికి నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు డీజిలు యంత్రము తగును. అది 3,000 చుట్లు తిరుగు తేలిక యంత్రములకంటె ఎక్కువకాలము మన్నును. కాని డీజిలు యంత్రమును చాలినంత బరువు లేక ఊరక త్రిప్పిన లోపల మసి పట్టి చెడును. ఏ రకమైనను, మీకు దగ్గఱి పట్టణమున దానిని బాగుచేయు మెకానిక్కును, ప్లగ్గు, ఫిల్టరు, తాడు దొరకు అంగడియు ఉన్నవో లేవో ముందు విచారింపుడు. దూరదేశపు గొప్ప యంత్రముకంటె, పొరుగున వైద్యుడున్న సామాన్య యంత్రము మేలు.

ఇక పోషణ. నేడు మన దేశమున అమ్ముడగు పెట్రోలులో 20 శాతము వఱకు ఎథనాల్ కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొనును. కావున నెలల తరబడి టాంకులో పెట్రోలు విడువరాదు. ప్రతి పౌర్ణమి నాడు అర్ధగంటసేపు బ్యాటరీ బరువుతో యంత్రమును నడపుడు. తిథి గుర్తుండును గనుక మఱపు రాదు. ఆపునప్పుడు పెట్రోలు కొళాయి మూసి, కార్బ్యురేటరులోనిది హరించుకొని అదియే ఆగువఱకు నడువనిండు. డబ్బాలోని పాత పెట్రోలును మోటారు సైకిలులో వాడి క్రొత్తది పోయుడు. ఇంజను ఆయిలు మట్టమును నడపు ప్రతిసారి చూడుడు.

చివర చెప్పుచున్నను, ఇది అన్నిటికంటె ముఖ్యము. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని నిద్రలోనే చంపును. వాన తడుపునని యంత్రమును వసారాలోనికి గాని, వంటయింటిలోనికి గాని, తలుపులు తెఱచియున్న గదిలోనికి గాని తేరాదు. ఇంటికి ఇరువది అడుగుల దూరమున, నాలుగు వైపుల గాలి యాడు రేకుల పందిరి క్రింద, పొగగొట్టము కిటికీలకు పెడమొగముగ నుండునట్లు నిలుపుడు. వేడిగ నున్న యంత్రమున పెట్రోలు పోయకుడు. ఇన్వర్టరు నుండి వచ్చు తీగలను జనరేటరు తీగలను నేరుగ ముడివేయకుడు; నడుమ ఛేంజోవర్ స్విచ్చి యుండవలెను, ఎర్తింగు చేయింపవలెను. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియనుచేత చేయించుటలో పిసినారితనము పనికిరాదు.

మా పాత యంత్రమును అమ్మివేసి, రెండు కేవీఏలది తెచ్చి మూడు వానకాలములు గడచినవి. నిరుడు మరల ముసురు పట్టెను, మరల వాగు పొంగెను. మధ్యాహ్నము మూడు గంటలు అది తిరిగెను. రాత్రి ఫ్రిజ్జు చల్లగనే యుండెను, మేము నిద్రించితిమి. దాహమైనప్పుడు బావి త్రవ్వబూనుట వివేకము కాదు. ఇంట జనరేటరు కలవారు ఈ ప్రసంగము ముగిసిన వెంటనే పాకలోనికి పోయి ఒక్కసారి తాడు లాగి చూడుడు. అది పలికినచో సంతోషము. పలుకనిచో, ఎండయున్న నేడే తెలిసికొంటిరి గనుక అదియు మేలే.

సెలవు.