పట్టపగలు కారుకు దీపాలెందుకు?

పట్టపగలు లాంతరు వెలిగించుకుని నడిచే మనిషిని చూస్తే మీకు నవ్వు వస్తుంది కదూ? కాని ఈమధ్య వచ్చే చాలా కార్లు మండుటెండలో కూడా ముందువైపు తెల్లని దీపాలు వెలిగించుకునే పరుగెడుతున్నాయి. మరి వాటిని చూసి మనం నవ్వడం లేదేం?

మొన్న తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఇదే సంగతి అడిగాడు. "మాస్టారూ, మా నాన్నగారు పాత కారు కొన్నారు. దానికి పగటి దీపాలు లేవు. పెట్టించుకుంటే మంచిదని షాపతను అంటున్నాడు. పెట్రోలు దండగని అమ్మ అంటోంది. ఎవరి మాట వినాలండీ?"

మంచి ప్రశ్న. ఎవరి మాట వినాలో తర్వాత చూద్దాం. ముందు సంగతేమిటో తెలుసుకుందాం.

చూడడానికి కాదు, కనబడడానికి

రాత్రి వెలిగే హెడ్‌లైటు డ్రైవరుకు దారి చూపిస్తుంది. పగటి దీపం పని అది కాదు. ఎదుటివారి కంట్లో పడడమే దాని పని.

ఒక వస్తువు మన కంటికి ఆనాలంటే దానిమీద వెలుగు పడితే చాలదు. ఆ వస్తువుకూ, దాని వెనుక ఉన్న నేపథ్యానికీ వెలుగులో తేడా ఉండాలి. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తే కనబడుతుంది. బొగ్గుతో రాస్తే కనబడదు. చింతచెట్ల నీడలో తారురోడ్డు మీద వచ్చే బూడిదరంగు కారు ఇంచుమించు బొగ్గురాత వంటిదే.

మరొక సంగతి. మనం సూటిగా చూసే వస్తువు ప్రతిబింబం రెటీనాలోని పచ్చచుక్క మీద పడుతుంది. అక్కడే చూపు స్పష్టంగా ఉంటుంది. పక్కనుంచి వచ్చే వాటి ప్రతిబింబాలు రెటీనా అంచుల మీద పడతాయి. అక్కడ ఆకారాలు మసకగా ఉన్నా, మెరిసే వెలుగుచుక్కను మాత్రం కన్ను పసిగడుతుంది. రోడ్డు దాటబోయే మనిషి చూపును దీపం తనవైపు తిప్పుకునేది ఇందువల్లనే.

దీనివల్ల ఎంత లాభం? ఎదురెదురుగా రెండు వాహనాలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయనుకోండి. వాటి సాపేక్ష వేగం గంటకు 120 కిలోమీటర్లు. దీన్ని 5/18తో గుణిస్తే సెకనుకు సుమారు 33 మీటర్లు. ఒక డ్రైవరు రెండోదాన్ని 3 సెకన్లు ముందుగా గుర్తిస్తే, దాదాపు 100 మీటర్ల దూరం కలిసివస్తుంది. ముందున్న లారీని దాటాలా, ఆగాలా అని నిర్ణయించుకునేవాడికి ఆ 100 మీటర్లు ప్రాణంతో సమానం.

దీపమే దాచేస్తే?

అయితే ఏ దీపమైనా సరిపోతుందా? ఒక వింత వినండి. 1943లో అమెరికా నౌకాదళం "యెహూదీ" అనే రహస్య పథకం చేపట్టింది. ప్రకాశమైన ఆకాశం ముందు విమానం నల్లగా కనబడుతుంది. అందుకని విమానం ముందు అంచులకు దీపాలు బిగించి, వాటి వెలుగు ఆకాశపు వెలుగుతో సమానమయ్యేట్టు చేశారు. విమానం ఆకాశంలో కలిసిపోయి, బాగా దగ్గరకు వచ్చేదాకా కనబడలేదు!

చూశారా? నేపథ్యంతో సమానమైన వెలుగు వస్తువును దాచేస్తుంది. కాబట్టి పగటి దీపం తన నేపథ్యాన్ని మించి వెలగాలి. అట్లాగని ఎదుటివారి కళ్లు చెదరకూడదు. అందుకే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఈ దీపం కాంతి తీవ్రత 400 కాండెలాలకు తగ్గకూడదనీ, 1200 కాండెలాలకు మించకూడదనీ పెట్టారు. కొవ్వొత్తి తీవ్రత సుమారు ఒక కాండెలా అని గుర్తుంచుకుంటే ఈ అంకెలు బోధపడతాయి.

ఉత్తరాది దేశాల పాఠం

ఈ పద్ధతిని ముందుగా పట్టించుకున్నవి చలిదేశాలు. ఫిన్లాండ్ 1972లో శీతకాలంలో పట్టణాల వెలుపలి రోడ్ల మీద మొదలుపెట్టింది. స్వీడన్ 1977లో ఏడాది పొడవునా తప్పనిసరి చేసింది. కారణం మీరే లెక్కకట్టవచ్చు. డిసెంబరు 22 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో తెలియాలంటే 90 డిగ్రీల నుంచి అక్షాంశాన్నీ, 23.5 డిగ్రీలనూ తీసివేయాలి. స్టాక్‌హోమ్ అక్షాంశం సుమారు 59 డిగ్రీలు. అంటే అక్కడ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు ఏడెనిమిది డిగ్రీల ఎత్తుకు మించి రాడు. హైదరాబాదులో అదే రోజున సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు.

ఐరోపా సమాఖ్యలో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త రకం కార్లకు ఈ దీపాలు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్లకు ఇంజిన్ నడిచినంతసేపూ దీపం వెలిగే ఏర్పాటు వచ్చింది. కాని ఆస్ట్రియా 2005లో పగటి దీపాల నిబంధన పెట్టి, 2008లో ఎత్తివేసింది. కార్ల దీపాల మధ్య మోటారు సైకిళ్లూ, ఏ దీపమూ లేని పాదచారులూ కంటికి ఆనరేమోనన్నది అక్కడ వినిపించిన వాదాల్లో ఒకటి. ఎడ్లబండ్లూ, సైకిళ్లూ, గేదెలూ నడిచే మన రోడ్ల మీద ఈ మాట మరిచిపోరాదు.

అమ్మగారి లెక్క

ఇక పెట్రోలు సంగతి. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి ఉంటుంది. ఇంజిన్ అందులో నాలుగోవంతును పనిగా మారుస్తుందనీ, ఆల్టర్నేటరు ఆ పనిలో 60 శాతాన్ని విద్యుత్తుగా మారుస్తుందనీ అనుకుందాం. 9 × 1/4 × 60/100 = 1.35 యూనిట్లు, అనగా 1350 వాట్-గంటలు.

పాత కారులో 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ, వాటితోపాటు వెలిగే చిన్న దీపాలూ కలిసి సుమారు 130 వాట్లు. లీటరుకు 10 గంటలు వెలుగుతాయి. ఏడేసి వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు రెండైతే 96 గంటలు వెలుగుతాయి! దండగ అన్న అమ్మగారి మాట హెడ్‌లైట్ల విషయంలో కొంత నిజం. ఎల్.ఇ.డి. విషయంలో మాత్రం ఖర్చు స్వల్పం.

మరి పెట్టించాలా?

పెట్టించవచ్చు, షరతుల మీద. దీపం కొలతల ప్రకారం తయారైనదై, నిబంధనలకు సరిపోవాలి. నీలిరంగు వెలుగులు చిమ్మే చౌక పట్టీలు ఎదుటివారి కళ్లు చెదరగొడతాయి. తెలిసిన ఎలక్ట్రీషియను చేత ఫ్యూజు పెట్టించి బిగించాలి. లేకపోతే షార్టుసర్క్యూటయి నిప్పు అంటుకునే ప్రమాదముంది. తాళం తిప్పితేనే వెలగాలి. హెడ్‌లైటు వేసినప్పుడు ఆరిపోవాలి, లేదా మసకబారాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. చాలా కార్లలో పగటి దీపాలు ముందువైపే వెలుగుతాయి, వెనుక ఎర్రదీపాలు వెలగవు. సందెచీకట్లో ముందు వెలుగు చూసి డ్రైవరు దీపాలన్నీ వెలుగుతున్నాయనుకుంటాడు. వెనుక వచ్చే లారీకి మాత్రం ఆ కారు కనబడదు. మొగులు పట్టినా, వాన పడినా, పొద్దువాలినా మామూలు లైట్లు వేయవలసిందే.

ఈ షరతులు కుదరకపోతే కొత్త దీపాలు వద్దు. చెట్ల నీడల్లో, పొగమంచులో, వానలో ఉన్న హెడ్‌లైటునే లోబీమ్‌లో వేసుకుంటే చాలు. ఆ అబ్బాయికి నేను చెప్పిందీ ఇదే.

మీరొక ప్రయోగం చేయండి. బడి ఆటస్థలంలో చెట్టునీడన ఇద్దరు స్నేహితులను పక్కపక్కన నిలబెట్టండి. ఒకరి చేతికి వెలిగే టార్చిలైటు ఇచ్చి మీవైపు చూపించమనండి. వంద అడుగులు వెనక్కి నడిచి, ఒక్కసారి తిరిగి చూడండి. ముందుగా ఎవరు కనబడ్డారు? ఇప్పుడు టార్చి లేని స్నేహితుణ్ణి కూడా చూడండి. అతడు కూడా అక్కడే ఉన్నాడు. దీపం ఉన్న కారు నడిపేవాడు గుర్తుంచుకోవలసింది అతణ్ణే.