చాడీ వేరు, సాయం అడగటం వేరు

"కడుపునొప్పి, ఇవాళ బడికి వెళ్ళనమ్మా" అని పిల్లవాడు పక్క దిగకపోతే మనం వాము నీళ్ళు పట్టిస్తాం. మంచిదే. కానీ ఆ నొప్పి ఆదివారం రాకుండా బడి ఉన్న రోజే వస్తోందంటే కాస్త ఆలోచించాలి. టిఫిన్ డబ్బా ఖాళీగా వచ్చినా వాడు ఆకలితో నకనకలాడుతుంటే, పెన్సిళ్ళు రోజూ "పోతుంటే", బడిలో ఎవరో వాణ్ణి ఏడిపిస్తున్నారేమో కనుక్కోవాలి.

పిల్లలన్నాక కొట్టుకోరా అంటారు ఇంట్లో పెద్దలు. నిజమే. పొద్దున్న కొట్టుకుని సాయంత్రానికి కలిసి ఆడుకుంటే అది పోట్లాటే. కానీ బలమున్నవాడు బలం లేనివాణ్ణి కావాలని, పదే పదే బాధపెడితే అది వేధింపు. 1970లలోనే దీన్ని పరిశోధించిన డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన గుర్తులు ఇవే. ఆయన పనిచేసిన నార్వేలో 1983లో దేశమంతటా బడుల్లో దీన్ని మాన్పించే ఉద్యమమే నడిచింది. దెబ్బలే అక్కర్లేదు సుమా! "దానితో ఎవరూ మాట్లాడకండే" అని ఒక పిల్లను రోజుల తరబడి వెలివేయడం, ఫోను గ్రూపుల్లో వెక్కిరించడం కూడా ఈ కోవలోవే.

సాధారణంగా తండ్రులు "ఒకటి కొడితే రెండు కొట్టరా" అంటారు. తల్లులం "నీ జోలికొస్తే పట్టించుకోకు" అంటాం. కొట్టగలిగినవాడైతే అసలు ఏడిపించేవాళ్ళే ఉండరు కదా! పట్టించుకోకపోవడం ఒకనాటి మాటకు సరిపోతుంది గాని, నిత్యం పడే బాధకు చాలదు.

మరేం చెప్పాలి? మొదట "నాన్నా, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. తర్వాత ఒక చిన్న మాట నేర్పండి: "ఆపు, నాకిది నచ్చలేదు." తల ఎత్తి, గట్టిగా ఆ మాట అని, నలుగురూ ఉన్న చోటికి నడిచి వెళ్ళిపోవాలి. మీరే ఆ ఏడిపించే పిల్లవాడిలా నటించి ఇంట్లో నాలుగుసార్లు అనిపిస్తే నోటికి అలవాటవుతుంది. మెట్ల కింద, బాత్‌రూముల దగ్గర, బస్సు వెనక సీట్లో ఒంటరిగా ఉండవద్దని, తోడు చూసుకోమని చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్ళకు చెప్పడం. చాడీలు చెప్పకూడదని చిన్నప్పటినుంచీ మనమే నేర్పాం. అందుకే పిల్లలు నోరు విప్పరు. ఈ తేడా విడమరిచి చెప్పాలి: ఒకరికి దెబ్బలు పడాలని చెప్పేది చాడీ, ఒకరికి దెబ్బలు తప్పాలని చెప్పేది సాయం.

ఇది చూస్తూ నిలబడే పిల్లలకూ చెప్పాలి. కెనడాలోని టొరంటో బడుల్లో పిల్లల ఆటస్థలాలను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తోటిపిల్లలు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా, వేధింపు 10 సెకన్లలోనే ఆగిపోయిందని తేలింది. పోట్లాడనక్కర్లేదు. "రారా, మనం పోదాం" అని ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినా చాలు.

ఇక మన వంతు. కోపం పట్టలేక అవతలి తల్లి గుమ్మం ఎక్కితే పిల్లల గొడవ పెద్దల గొడవవుతుంది. ఏ రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని క్లాసు టీచరును కలవండి. వారంలో మార్పు లేకపోతే హెడ్‌మాస్టరును కలవండి. పిల్లల కోసమే 1098 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉంది. ఒకవేళ ఏడిపించేది మన పిల్లవాడే అని కబురొస్తే, "మావాడు అలాంటివాడు కాదు" అనే ముందు వాణ్ణి కూర్చోబెట్టి అడగండి.

బడినుంచి రాగానే "మార్కులెన్ని?" అని అందరం అడుగుతాం. దానితోపాటు "ఇవాళ ఎవరి పక్కన కూచుని అన్నం తిన్నావు?" అని కూడా అడగండి. జవాబు వెంటనే రాకపోతే, చేతిలో పని పక్కన పెట్టి వాడి దగ్గర కూర్చోండి.