ప్రభుత్వపు కంట్రాక్టులు - చిన్న వర్తకులు - యువ అభ్యర్థులు



ఎన్నికల వేళ మన యొద్దకు వచ్చు అభ్యర్థులలో నేడు యువకులును యువతులును కానవచ్చుచున్నారు. శాసనసభకు గాని లోకసభకు గాని నిలుచుటకు 25 ఏండ్లు నిండిన చాలునని మన రాజ్యాంగము చెప్పుచున్నది. 2023 డిసెంబరులో వెలువడిన తెలంగాణ శాసనసభ ఫలితములలో, పాలకుర్తి స్థానమునుండి కాంగ్రెసు పక్షమున నిలిచిన మామిడాల యశస్వినీ రెడ్డిగారు 26 ఏండ్ల ప్రాయముననే, అప్పటి పంచాయతీరాజ్ మంత్రిని ఓడించి ఎన్నికైరి. ఇట్టి పిన్నవయస్కులు రచ్చబండ కడకు వచ్చినప్పుడు, “మావానికొక కంట్రాక్టు ఇప్పింపుము” అని కోరుట మనలో వాడుకయైనది. ఆ కోరిక యందలి కీడెట్టిదో, దానికి మారుగా మనము అడుగదగినదేమో నేడు విన్నవింతును.

ప్రభుత్వమును మించిన కొనుగోలుదారు దేశమున లేడు. పాఠశాలకు బల్లలు, వసతిగృహమునకు కూరగాయలు, ఆసుపత్రికి దుప్పట్లు, ఊరికి రోడ్డు, కాలువ, వీధిదీపము - ఇవన్నియు ఎవరో ఒకరు సమకూర్పవలసినవే. ఆ ధనము ప్రజలది. కావున ఆ పని దక్కు అవకాశము యోగ్యులందరికిని సమముగా నుండుట ధర్మము. రాజధనమును అపహరించు మార్గములు నలువది యని కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున లెక్కించెను. చిన్నవాని వంతును హరించు మార్గములలో నేడు ముఖ్యమైనవి మూడు.

మొదటిది, టెండరు పిలుపు అందరి చెవిని పడకుండుట. రెండవది, పది చిన్న పనులను ఒక మూటగా కట్టి, కోట్ల వ్యాపారమును ఏండ్ల అనుభవమును గలవారే రావలెనని నిబంధన పెట్టుట. మూడవది, పని ముగిసిన పిమ్మట బిల్లు నిలిపివేయుట.

మా గోపన్‌పల్లి వంటి ఊళ్లయందు రెండవదాని ఫలము తేటగా తెలియగలదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఈ ప్రాంతపు రూపమే మారినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది. ఊరు నగరమైనకొలది రోడ్లు, మురుగుకాలువలు, మరమ్మతులు పెరుగును. వానిని విడివిడిగా పిలిచినచో స్థానికుడైన మేస్త్రి కొకటియైనను దక్కును. ఒకే మూటగా పిలిచినచో పని పెద్ద సంస్థకు చేరును. ఆ మేస్త్రియే దాని క్రింద తక్కువ కూలికి అదే కాలువ త్రవ్వును.

ఈ అన్యాయమును తగ్గించుటకు కొన్ని శాసనములు కలవు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ననుసరించి 2012లో కేంద్రప్రభుత్వ మొక ఉత్తరువు వెలువరించెను. దానినిబట్టి కేంద్ర మంత్రిత్వశాఖలును, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలును ఏటేట కొను వస్తువులలోను సేవలలోను నూటికి 25 వంతులు సూక్ష్మ, చిన్న సంస్థలనుండి కొనవలెను. అందులో 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగలవారి సంస్థలకును, 3 వంతులు స్త్రీల సంస్థలకును చెందవలెను. ఇట్టివారికి టెండరు పత్రములు ఉచితము, ధరావతు అక్కరలేదు.

మరియొక సదుపాయము గలదు. పెద్ద సంస్థ 100 రూపాయలు పలుకగా చిన్నవాడు 115 లోపు పలికెననుకొందము. అతడు 100 రూపాయలకు దిగివచ్చుటకు సమ్మతించినచో, సరుకులో నాలుగవవంతు వరకు అతనికీయవలెను. ఇందువలన ఖజానాకు నష్టము లేదు. చిన్నవానికి జీవనము కలుగును. అమెరికా దేశమునందును ప్రభుత్వపు కంట్రాక్టుల విలువలో నూటికి 23 వంతులు చిన్న వ్యాపారులకు చేరవలెనను లక్ష్యము కలదు.

అయితే ఒక సంగతి మరువరాదు. ఈ ఉత్తరువు కేంద్రపు కొనుగోళ్లకే గాని రాష్ట్ర కార్యాలయములను బంధింపదు. రోడ్లు, భవనముల పనులకు వర్తింపదు. మన గ్రామములలో జరుగునవి మిక్కిలిగా ఆ పనులే. కావున యువ అభ్యర్థి చేయదగిన పని ఇచ్చటనే మిగిలియున్నది.

ఇక మూడవ కీడు. బాకీ పడిన బిల్లు చిన్నవానికి ప్రాణసంకటము. సిమెంటును ఇనుమును అరువు తెచ్చును. కూలీలకు వడ్డీకి తెచ్చి యిచ్చును. బిల్లు ఏడాది నిలిచినచో లాభము వడ్డీ పాలగును. రెండేండ్లు నిలిచినచో పొలము పోవును. 2024 ఫిబ్రవరి నాటికి పదవీకాలము ముగిసిన తెలంగాణ సర్పంచులలో పలువురు, తాము చేయించిన పనుల బిల్లులు రాలేదని ఆందోళనకు దిగిరి. 2025 మార్చిలో చిన్న కంట్రాక్టర్లు హైదరాబాదు సచివాలయముననే బైఠాయించిరి.

ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న సంస్థ అందించిన సరుకునకు గాని సేవకు గాని, ఒడంబడిక యేదైనను, 45 దినములకు మించి సొమ్ము ఆపరాదని 2006 చట్టము చెప్పుచున్నది. ఆపినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతలు, నెలనెలకు చక్రవడ్డీ లెక్కన చెల్లింపవలెను. దీనిని విచారించుటకు రాష్ట్రములందు ప్రత్యేక మండళ్లు కలవు. మండలి తీర్పుపై కోర్టున కెక్కదలచిన కొనుగోలుదారు, తీర్పు సొమ్ములో నూటికి 75 వంతులు ముందుగా కట్టవలెను. ఒడంబడికకు ముందే నమోదు చేయించుకొనుట క్షేమము.

అభ్యర్థికిని కంట్రాక్టునకును నడుమ చట్టమొక గట్టు కట్టినది. ప్రజాప్రాతినిధ్య చట్టము 9-ఎ సెక్షనును బట్టి, తాను పోటీచేయు సభకు సంబంధించిన ప్రభుత్వముతో సరకుల సరఫరాకు గాని పనులకు గాని ఒడంబడిక సాగుచున్నవాడు ఆ సభకు అర్హుడు కాడు. పని పూర్తియై సొమ్ము మాత్రమే రావలసియున్నచో దోషము లేదు. నామినేషనుతో సమర్పించు ప్రమాణపత్రమునందు తనవి, భార్య లేక భర్తవి, ఆశ్రితులవి యగు ప్రభుత్వపు కంట్రాక్టుల వివరములు వ్రాయవలెను. ఆ పత్రము ప్రజలందరు చూడదగినది. చదువరులైన మీరు దానిని తెప్పించి, రచ్చబండపై చదివి వినిపింపుడు.

“మావానికి ఇప్పింపుము” అని మనమే అడిగినచో ఈ గట్టును మన చేతులతోనే త్రెంచినట్లగును. నేడు మనవానికి ఇప్పించినవాడు రేపు మరియొకని కిప్పించును. మనవాడు నోరు మెదపజాలడు. అందువలన యువ అభ్యర్థిని మూడు మాటలడుగుడు. నాయనా, మా ఊరి పనుల టెండర్లు పంచాయతీ గోడపై అంటించునట్లు చూతువా? చిన్న పనులను మూటగట్టక విడిగా పిలిపింతువా? పని ముగించినవారికి, బిల్లులు వచ్చిన వరుసనే, సిఫారసు లేకుండ సొమ్ము చేరునట్లు సభలో నిలబడి అడుగుదువా?

ఈ మూడింటికి సూటిగా బదులు చెప్పువాడు ప్రాయమున చిన్నవాడైనను బుద్ధిని పెద్దవాడే. బదులు చెప్పక, “మీవానికి నేను చూచుకొందును” అని చెవిలో పలుకువాని వయస్సెంతయైన నేమి? సెలవు.