చీమల పచ్చడికైనా సంత ఉప్పే దిక్కు

ఉసూర్ (బస్తర్): పాయసంలో చీమ తేలితే “ఏమీ కాదు, తిను, కంటిచూపు మెరుగవుతుంది” అని సర్దిచెప్పే పెద్దలు తెలుగు ఇళ్లలో నేటికీ ఉన్నారు. అయితే చీమలనే ఏరి, నూరి, పచ్చడి చేసి వడ్డిస్తే మనలో ఎందరు విస్తరి ముందు కూర్చుంటారన్నది సందేహమే. తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న బస్తర్ అడవుల్లో మాత్రం అది విందు భోజనం. ‘చాప్రా’ అని పిలిచే ఈ ఎర్రచీమల పచ్చడి ఇక్కడి వారపు సంతల్లో ఆకు దొన్నెలలో అమ్ముడవుతుంది.

చెట్ల కొమ్మలపై ఆకులను కలిపి కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమలను, వాటి గుడ్లతో సహా దులిపి, మిరపకాయలు, ఉప్పు చేర్చి రోట్లో నూరుతారు. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం వల్ల దీనికి చింతపండును తలపించే పులుపు వస్తుంది. దీని కీర్తి అడవి దాటి చాలా దూరమే వెళ్లింది. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో చేసే ఇటువంటి ‘కాయ్’ పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకుముందు దీనిని కోవిడ్ చికిత్సలో వాడేలా ఆదేశించాలంటూ ఒక పిటిషన్ సుప్రీంకోర్టు వరకూ వెళ్లగా, 2021 సెప్టెంబరులో న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది.

చూసేవారికి వింతగా తోచే ఈ వంటకంలో ఒక ఆర్థిక సత్యం దాగి ఉంది. చీమలు అడవి ఇస్తుంది. మిరప పెరట్లో పండుతుంది, లేదా సరిహద్దు దాటి చర్ల, వెంకటాపురం వైపు మిరప కోతలకు వెళ్లిన కూలీల వెంట వస్తుంది. ఉప్పును మాత్రం అడవి ఇవ్వదు. దానికోసం సంతకు పోక తప్పదు. ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు తలకెత్తుకుని మైళ్ల దూరం నడిచి వచ్చే గిరిజనుడు తిరిగి తీసుకువెళ్లే సరుకులలో ఉప్పుదే ప్రథమ స్థానం. సారపప్పుకు సరితూకంగా ఉప్పు ఇచ్చి వర్తకులు లాభపడిన ఉదంతాలు బస్తర్‌లో తరచూ వినవచ్చేవే. సంత మూతపడితే ఏమవుతుందో దీనినిబట్టి ఊహించవచ్చు.

2005 జూన్‌లో నేటి బీజాపూర్ జిల్లా ప్రాంతంలోనే సల్వాజుడుం మొదలైంది. ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తరలించిన ఆ కాలంలో పలు వారపు సంతలు మూతపడ్డాయని, శిబిరాలకు రాని గ్రామాలవారికి బజారు దారి బందయిందని నిజనిర్ధారణ బృందాలు నివేదించాయి. మరోవైపు మావోయిస్టుల బంద్ పిలుపులతో రవాణా, దుకాణాలు స్తంభించడమూ పరిపాటి అయింది. ఇరువైపుల ఒత్తిడికి తట్టుకోలేక వేలాది కుటుంబాలు నాటి ఖమ్మం జిల్లాకు వలస వచ్చాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఇచ్చిపుచ్చుకోవడం మానివేసి మనిషిని లొంగదీయడం కొత్త ఆయుధం కాదు. 1880లో ఐర్లండులో కౌలుదారులు, దుకాణదారులు కలిసి కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటును వెలివేయగా, ఆయన పేరే ఆ చర్యకు స్థిరపడింది. నాడు బలహీనులు బలవంతుని మీద ప్రయోగించిన ఆ ఆయుధం తరచూ ఎదురు తిరుగుతుంది. అందుకే చట్టాలు వచ్చాయి. ఇజ్రాయెల్‌పై అరబ్ దేశాల వాణిజ్య బహిష్కరణలో తమ కంపెనీలు పాలుపంచుకోరాదని అమెరికా 1977లో శాసనం చేసింది. మన దేశంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఈ వర్గాలవారితో వ్యాపారం చేయ నిరాకరించడం, కూలికి పిలవకపోవడం వంటి ‘ఆర్థిక బహిష్కరణ’ నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా శిక్ష.

అయితే ఈ చట్టం ఆ వర్గాలకు చెందనివారికే వర్తిస్తుంది. బస్తర్‌లో శిబిరం లోపలివాడూ గిరిజనుడే, వెలుపలివాడూ గిరిజనుడే. తుపాకీ నీడలో సంత దారి మూసుకుపోతే ఎవరిపై ఫిర్యాదు చేయాలి? ఏ ఠాణాకు వెళ్లాలి? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2012లో తెచ్చిన ఆహార భద్రతా చట్టంలో అయోడైజ్డ్ ఉప్పును కూడా చేర్చడం ఈ దృష్ట్యా మెచ్చదగినదే. కాని రేషన్ దుకాణం ఊరికి దూరమైన చోట ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టలపై 21 రోజులు సాగిన భద్రతా దళాల ఆపరేషన్‌తో ఉసూర్ ప్రాంతం పేరు దేశమంతటా వినిపించింది. ఆ గుట్టల కింద నివసించేవారికి శాంతి అంటే అర్థం తేలికైనది. వారానికొకసారి ఎవరి అనుమతీ అడగకుండా సంతకు వెళ్లి, మూటెడు చింతపండు అమ్ముకుని, ఉప్పు కొనుక్కుని చీకటి పడకముందే ఇల్లు చేరగలగడం. చీమల పచ్చడిని చూసి మనం ముఖం చిట్లించుకోవచ్చు. దానిలో పడవలసిన చిటికెడు ఉప్పును ఆపే అధికారం మాత్రం ఎవరికీ ఉండరాదు.