‘నాట్’ ఉన్న ప్రశ్నకు జవాబెలా?

రాయదుర్గంలోని ఒక ఆఫీసులో రాత్రి కాల్ నడుస్తోందనుకుందాం. అమెరికాలో ఉన్న మేనేజర్ “హావెంట్ యు ఫిక్స్‌డ్ ద బగ్ యెట్?” అని అడిగాడు. ఇటు కుర్రాడు “యెస్” అన్నాడు. “అవును సార్, ఇంకా కాలేదు” అని ఇతని ఉద్దేశం. పని అయిపోయిందని అతనికి అర్థమైంది. మర్నాడు పేచీ.

కుర్రాడికి ఇంగ్లిష్ రాదని తేల్చేయడం అన్యాయం. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి తెలుగు మీడియంలో చదివినవాళ్లెందరో ఈ హైటెక్ సిటీలో విదేశీ క్లయింట్లతో పనిచేస్తున్నారు. అతను వాడిన మాట ఇంగ్లిష్‌దే, జవాబు చెప్పిన పద్ధతి మాత్రం తెలుగుది. “ఇంకా కాలేదా?” అని అడిగితే, అడిగినవారి ఊహ నిజమే గనక మనం “అవును, కాలేదు” అంటాం. “లేదండీ, కాలేదు” అనడమూ మనకు అలవాటే కాబట్టి చిక్కు మరింత పెరుగుతుంది. ఇంగ్లిష్‌లో ప్రశ్నను ఎలా అడిగినా ఒకటే. పని అయితే ‘యెస్’, కాకపోతే ‘నో’.

జపాన్, కొరియా వాళ్లదీ మన పద్ధతే. ఫ్రెంచివాళ్లకు ‘సి’, జర్మన్లకు ‘డోఖ్’ అని వేరే మాటలున్నాయి. “కాలేదా?” అంటే “ఎందుకు కాలేదు, అయింది!” అని చెప్పడానికి అవి పనికొస్తాయి. ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు మామూలు ప్రశ్నకు ‘యే’, ‘నే’ అనీ, నాట్ ఉన్న ప్రశ్నకు ‘యెస్’, ‘నో’ అనీ వేర్వేరు జతలుండేవి. ఈ తేడా పాటించలేదని 16వ శతాబ్దంలో థామస్ మోర్, బైబిల్ అనువాదకుడు విలియం టిండేల్‌ను తప్పుపట్టాడు. తర్వాత ఆ తేడా వాడుకలోంచి పోయింది. మన కుర్రాడు పడుతున్న ఇబ్బంది ఇంగ్లిష్ వాళ్లు కూడా ఒకప్పుడు ఎరిగినదే. కాల్‌లో ‘యెస్’, ‘నో’లను ఒంటరిగా వదలకుండా “నో, ఐ హావెంట్” అని వాక్యం పూర్తిచేస్తే అపార్థానికి చోటుండదు.

ఇంగ్లిష్ ‘నాట్’ విడిగా నిలబడే మాట. తెలుగులో కాదనడం చాలాసార్లు క్రియ లోపలే జరిగిపోతుంది. ‘చెబుతాను’కు వ్యతిరేకం ‘చెప్పను’. అందులో కాదన్న అర్థమంతా మధ్యనున్న ‘అ’కారంలోనే ఉంది. ద్రావిడ భాషల ఈ లక్షణాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి గారు వివరించారు. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆయన రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. ఆయన 1986 నుంచి 1993 దాకా వైస్ చాన్సలర్‌గా ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ ఐటీ కారిడార్‌లోనే, గచ్చిబౌలిలో ఉంది.

విడిగా చెప్పాల్సినప్పుడు మనకు లేదు, కాదు, వద్దు అని మూడు మాటలున్నాయి. సీట్లో లేడు, అతను మేనేజర్ కాదు, నాకు టీ వద్దు. ఆ వద్దునే హైదరాబాదీలు ‘నక్కో’ అంటారు. మరాఠీ ‘నకో’ దక్కనీలో అలా స్థిరపడింది. ఇంగ్లిష్‌లో ఇన్ని పనులనూ నో, నాట్‌లే మోస్తాయి.

అసలు ప్రమాదం ‘మస్ట్ నాట్’, ‘డోంట్ హావ్ టు’ల దగ్గర. “యు డోంట్ హావ్ టు రీస్టార్ట్ ద సర్వర్” అంటే రీస్టార్ట్ చేయనక్కర్లేదు, చేసినా తప్పులేదు. “యు మస్ట్ నాట్” అంటే చేయనే కూడదు. తెలుగులో ఈ రెంటినీ ఎవరూ కలగలపరు కాబట్టి ఇంగ్లిష్ మాట వినగానే ‘అక్కర్లేదా, కూడదా?’ అని తెలుగులో అడిగి చూసుకోవడం మంచిది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకు కూడా ఇలాంటి మాటలకు అర్థాలు ఖాయం చేయక తప్పలేదు. 1997 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2119 ప్రకారం ‘మస్ట్ నాట్’ పూర్తి నిషేధం. ‘షుడ్ నాట్’ అన్నచోట మాత్రం, గట్టి కారణముంటే, పర్యవసానాలు బాగా ఆలోచించుకుని చేయవచ్చు.

టెస్టింగ్ టీమ్ వాళ్లకు ఇంకో మాట. “ఆల్ ద టెస్ట్స్ డిడ్ నాట్ పాస్” అని మెయిల్ రాస్తే కొన్ని పోయాయా, అన్నీ పోయాయా తెలియదు. కొన్నే పోతే “నాట్ ఆల్ ద టెస్ట్స్ పాస్డ్”, ఒక్కటీ నెగ్గకపోతే “నన్ ఆఫ్ ద టెస్ట్స్ పాస్డ్” అని రాయాలి. ఫోన్‌లో ‘కాంట్’ చివరి అక్షరం సరిగా వినిపించక ‘కెన్’ అనిపించవచ్చు. ముఖ్యమైన చోట ‘కెనాట్’ అని పూర్తిగా పలకండి.

“వుడ్ యు మైండ్ షేరింగ్ యువర్ స్క్రీన్?” అని అడిగితే చాలామంది ఠక్కున “యెస్” అంటారు. అక్కడ ‘మైండ్’ అంటే అభ్యంతరపడటం. యెస్ అంటే అభ్యంతరం ఉందని చెప్పినట్టు. “నాట్ ఎట్ ఆల్” అని స్క్రీన్ చూపించండి. “ష్యూర్” అన్నా చాలు, ఇంగ్లిష్ సొంతభాషగా ఉన్నవాళ్లూ అలాగే అంటారు.